లార్ప్ శిబిరానికి మొదటిసారి: వేషం కట్టడం నుంచి డేరా ఆరబెట్టడం దాకా

పగటివేషగాళ్ళను చూసినవారికి లార్ప్ (లైవ్ యాక్షన్ రోల్ ప్లే) అంటే ఏమిటో చెప్పడం సులువు. పగటివేషానికి రంగస్థలం ఉండదు, తెర ఉండదు. సోమయాజి వేషం కట్టినవాడు నేరుగా మన వాకిట్లోకే వచ్చి, సోమిదేవమ్మతో తగవు పెట్టుకుని, దాన్ని తీర్చమని ఇంటి యజమానినే అడుగుతాడు. యజమాని నవ్వు ఆపుకుంటూ పెద్దమనిషిలా తీర్పు చెప్పాడంటే, తనకు తెలియకుండానే అతనూ ఒక వేషం కట్టినట్టే. లార్ప్‌లో జరిగేది ఇదే. కాకపోతే వాకిలికి బదులు అడవో పాత కోటో ఉంటుంది, ఆట రెండు మూడు రోజులు సాగుతుంది, అక్కడున్న ప్రతివారూ వేషంలోనే ఉంటారు, చూసి చప్పట్లు కొట్టడానికి విడిగా ప్రేక్షకులంటూ ఎవరూ ఉండరు.

ఈ ఆట కొత్తదేమీ కాదు. అమెరికాలో వాషింగ్టన్ పరిసరాల్లో డాగోర్‌హిర్ అనే మెత్తటి కత్తుల పోరాట ఆట 1977లోనే మొదలైంది. ఇంగ్లండ్‌లో చెషైర్‌లోని పెక్‌ఫర్టన్ కోటలో 1982లో ట్రెజర్ ట్రాప్ అనే లార్ప్ ఆట మొదలైంది. నేడు యూరప్‌లో దీనికి పెద్ద నెలవు జర్మనీ. అక్కడ హెస్సె రాష్ట్రంలోని డీమెల్‌ష్టాట్ దగ్గర 2001 నుంచి డ్రాఖెన్‌ఫెస్ట్ జరుగుతోంది. లోయర్ సాక్సనీలోని బ్రోకెలో అనే చిన్న ఊళ్ళో 2004 నుంచి కాంక్వెస్ట్ జరుగుతోంది. ఈ రెండింటికీ వేసవిలో వేలమంది వేషాలతో తరలివస్తారు. జర్మనీలో చదువుకుంటున్న, ఉద్యోగాలు చేస్తున్న తెలుగువారు ఈ మధ్య ఎక్కువయ్యారు. వారిలో ఒకరిద్దరు "నేనూ వస్తాను, ఏం చేయాలి?" అని అడిగినప్పుడల్లా ఫోన్లో గంటసేపు చెప్పవలసి వస్తున్నందువల్ల, జర్మనీ పద్ధతినే ఆధారం చేసుకుని ఆ చెప్పేదేదో ఇక్కడ వరుసగా రాస్తున్నాను.

మొదటి మెట్టు: ఏ శిబిరానికి వెళ్ళాలి

లార్ప్ శిబిరాన్ని జర్మనులు 'కాన్' అంటారు. వీడియోలలో కనిపించే వేలమంది యుద్ధం చూసి చాలామంది నేరుగా పెద్ద కాన్‌కే టికెట్ కొంటారు. అది తప్పు కాదు గానీ, మొదటిసారికి నేను సిఫారసు చేయను. పెద్ద కాన్ తిరునాళ్ళ లాంటిది. తోడు లేకుండా తిరునాళ్ళకు వెళ్ళినవాడు అన్నీ చూస్తాడు, ఎవరితోనూ మాట్లాడకుండా తిరిగి వస్తాడు. ముప్పై నుంచి ఎనభై మంది దాకా పాల్గొనే వారాంతపు కాన్‌లు దేశమంతటా జరుగుతూనే ఉంటాయి. శుక్రవారం సాయంత్రం మొదలై ఆదివారం మధ్యాహ్నానికి ముగిసే ఈ చిన్న కాన్‌లను పాత కోటల్లోనో, స్కౌట్ల బసల్లోనో, యువజన వసతి గృహాల్లోనో పెడతారు కనుక పడుకోవడానికి మంచం, మూడు పూటలా భోజనం చాలాసార్లు రుసుములోనే కలిసి ఉంటాయి. లార్ప్‌కాలెండర్ అనే జర్మన్ సైటులో వీటి వివరాలు తేదీల వారీగా, రాష్ట్రాల వారీగా దొరుకుతాయి.

అక్కడ ప్రతి కాన్‌కూ రెండు రకాల టికెట్లు కనిపిస్తాయి. ఎస్‌సీ అంటే తన వేషాన్ని తానే కల్పించుకుని, తన ఇష్టప్రకారం ఆడే ఆటగాడు. ఎన్‌ఎస్‌సీ అంటే నిర్వాహకులు చెప్పిన వేషం వేసేవాడు: ఉదయం దారి దోపిడీ దొంగ, మధ్యాహ్నం రోగిష్టి రైతు, రాత్రికి సమాధి లోంచి లేచిన శవం. ఎన్‌ఎస్‌సీ టికెట్ సాధారణంగా చౌక. దుస్తులు, కత్తులు నిర్వాహకుల సామాను గదిలోంచే ఇస్తారు. ఏం చేయాలో, ఏం మాట్లాడాలో ముందే చెబుతారు. ఇది రెండో తరగతి టికెట్ అని చిన్నచూపు చూడవద్దు. ఒక్క రోజులో పదిసార్లు చచ్చి, పదకొండోసారి కొత్త వేషంతో లేచి వచ్చినవాడికి పోరాటం ఎలా సాగుతుందో, దెబ్బ తిన్నట్టు ఎలా నటించాలో, ఆటగాళ్ళు ఏ మాటకు ఎలా స్పందిస్తారో ఒళ్ళు నొప్పుల సాక్షిగా తెలిసిపోతుంది. నా మాట వింటే మొదటి కాన్‌కు ఎన్‌ఎస్‌సీగా వెళ్ళండి, రెండోదానికి సొంత వేషం కట్టండి, మూడో ఏడు పెద్ద కాన్‌కు వెళ్ళండి.

టికెట్ కొనేముందు ప్రకటనను ఆసాంతం చదవాలి. వయోపరిమితి, బస, భోజనం, ఏ నియమావళి ప్రకారం ఆడతారు, కథ ఎంత భయానకంగా ఉండబోతోంది అనేవన్నీ అందులోనే ఉంటాయి. ఏదైనా తెలియకపోతే నిర్వాహకులకు, అంటే 'ఓర్గా'కు, మెయిల్ రాసి "ఇది నా మొదటి కాన్, నా జర్మన్ ఇంతవరకే" అని ఉన్నది ఉన్నట్టు చెప్పండి. వీరు లాభం చూసుకుని చేసేవారు కారు, అభిమానం కొద్దీ చేసేవారే ఎక్కువ. కొత్తవారిని ఒక పాత బృందంతో కలిపి పంపడం వారికి మామూలే.

భాష గురించి ఒక్క మాట. చాలామందికి ఇంగ్లిష్ వస్తుంది కానీ ఆట జర్మన్‌లోనే నడుస్తుంది. జర్మన్ పరీక్షల్లో బీ1 అనే మధ్యస్థ స్థాయి ఉంటే నెట్టుకురావచ్చు. అంతకన్నా తక్కువైతే పెద్ద అంతర్జాతీయ కాన్‌లే మేలు. వచ్చీరాని జర్మన్ ఇక్కడ లోపం కాదు, సముద్రం దాటి వచ్చిన పరదేశి వేషానికి అదే సగం అలంకారం.

రెండో మెట్టు: వేషాన్ని కల్పించుకోవడం

అన్నిటికన్నా ఎక్కువ ఆలోచించవలసింది ఇక్కడే. కొత్తవారు కల్పించుకునే వేషాలు దాదాపు ఒకే మూసలో ఉంటాయి: రాజ్యం పోగొట్టుకున్న యువరాజు, తల్లిదండ్రులను చంపినవారి కోసం వెతికే ఒంటరి వీరుడు, ముసుగు తీయని హంతకుడు. నా మొదటి సొంత వేషం ఈ మూడోదే. నల్ల ముసుగు కప్పుకుని పానశాలలో ఒక చీకటి మూలన కూర్చుని, ఎవరైనా వచ్చి రహస్యంగా పని అప్పగిస్తారేమో అని మూడు గంటలు ఎదురుచూశాను. ఎవరూ రాలేదు. ఎందుకు వస్తారు? దగ్గరికి రావద్దని నా వేషమే వారికి చెబుతోంది.

మంచి వేషానికి ఉండవలసిన గుణం ఒక్కటే: ముక్కూమొహం తెలియని మనిషితో మాట కలపడానికి దానికి ఏదో ఒక పని ఉండాలి. వైద్యుడికి గాయపడినవారు కావాలి, లేఖకుడికి ఉత్తరం రాయించుకునేవారు కావాలి, జోస్యుడికి చెయ్యి చాపేవారు కావాలి, వర్తకుడికి బేరమాడేవారు కావాలి. అలాంటి వృత్తి ఒకటి ఎంచుకున్నాక, ఆ మనిషికి ఒక కోరిక, ఒక భయం, బయటపడితే చిక్కు తెచ్చే ఒక చిన్న గుట్టు చేర్చండి, అంతకు మించి అక్కరలేదు. ఇరవై పేజీల పూర్వకథ రాసుకున్నా దాన్ని వినేవారెవరూ ఉండరు. గుట్టు మాత్రం బయటపడేదై ఉండాలి. ఎవరికీ చిక్కకుండా ఆట చివరిదాకా కాపాడుకున్న రహస్యం వల్ల ఎవరికీ ఆట దక్కదు.

రెండో కాన్‌కు నేను మిరియాల వర్తకుడినై వెళ్ళాను. పంచె, పొడుగు చేతుల నేత చొక్కా, తలపాగా, నడుముకు ఒక తోలు సంచి, అందులో చిన్న చిన్న గుడ్డమూటల్లో మిరియాలు, లవంగాలు, యాలకులు. పానశాల వంటమనిషి వేషంలో ఉన్న పెద్దావిడ ఒక మూట విప్పి, నాలుగు గింజలు అరచేతిలో పోసుకుని వాసన చూసి, "ఇవి మిరియాలా, మేక పెంటికలా?" అంది గట్టిగా. చుట్టూ ఉన్నవారు తిరిగి చూశారు. నేను రెండు గింజలు నోట్లో వేసుకుని నమిలాను, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, అయినా మింగి, "అమ్మా, మా దేశపు మేకలు ఇంత ఘాటు తిండి తినవు" అన్నాను నాకు వచ్చిన జర్మన్‌లో. అక్కడి నుంచి అరగంట బేరం, పక్క బల్ల మీద కూర్చున్న సైనికుడి మధ్యవర్తిత్వం, చివరికి ఆరు రాగి నాణేలు. ఆ రాత్రి పులుసులో ఆ మిరియాలు నిజంగానే పడ్డాయి. మర్నాటికి నా పేరు తెలియనివారు కూడా నన్ను "మిరియం" అని పిలవడం మొదలుపెట్టారు, ఎవరికో విషం పెట్టారన్న అనుమానం వచ్చినప్పుడు మొదట నన్నే పట్టుకున్నారు. ఆ వేషం కట్టినందుకు నాకు దక్కిన ఆట అది.

పేరు రెండు మూడు అక్షరాలకు మించకూడదు, యుద్ధంలో ఇరవై అడుగుల దూరం నుంచి అరిచినా స్పష్టంగా వినపడాలి. మన దుస్తులు, మన వృత్తులు వేషానికి చక్కగా పనికివస్తాయి, కల్పిత దేశానికి కల్పిత పేరు పెట్టుకుంటే చాలు. మన దేవుళ్ళ వేషాలు మాత్రం అక్కడికి తీసుకువెళ్ళవద్దనే నా అభిప్రాయం. బుర్రకథలో, వీధినాటకంలో వాటికి అర్థం తెలిసిన జనం ఉంటారు. ఇక్కడ అవి ఒట్టి రంగుల బొమ్మలైపోతాయి, ఎవరైనా కత్తి దూస్తే ఏం చేయాలో మీకూ తోచదు.

మూడో మెట్టు: దుస్తులు, అంతకన్నా ముందు చెప్పులు

డబ్బు ఖర్చు పెట్టవలసి వస్తే ముందు పాదాలకు పెట్టండి. చీలమండ దాటిన తోలు బూట్లు కొని, శిబిరానికి కనీసం రెండు వారాల ముందు నుంచీ రోజూ గంటసేపు తొడుక్కుని నడవాలి. కొత్త బూట్లతో వచ్చిన వీరులు శనివారం మధ్యాహ్నానికల్లా పాదాలకు బొబ్బలెక్కి డేరా ముందు కూర్చుని ఉండడం ప్రతి కాన్‌లోనూ కనిపిస్తుంది. ఉన్ని మేజోళ్ళు మూడు జతలు ఉండాలి, నూలువి తడిస్తే ఆరవు. రన్నింగ్ షూ ఎంత సుఖమైనా, ఒక్క తెల్లటి షూ చాలు చుట్టుపక్కల పదిమంది కల్పనను చెడగొట్టడానికి.

దుస్తుల విషయంలో మొదటి సూత్రం సహజమైన బట్ట: నూలు, నార, ఉన్ని. పాలిస్టర్ ఎండలో మెరుస్తుంది, మంట దగ్గర కరుగుతుంది. తెలుగువారికి ఇక్కడ ఒక సౌలభ్యం ఉంది. సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మంగళగిరి నేత చొక్కా గుడ్డ, పొందూరు ఖద్దరు, ఒక ముతక దుప్పటి తెచ్చుకుంటే, జర్మనీ దుకాణాల్లో పెట్టే ఖర్చులో సగానికే వేషం అమరుతుంది. లోపల ఒక పొర, మధ్యలో ఒక పొర, పైన ఉన్ని శాలువా లేదా ముసుగున్న అంగరఖా, నడుముకు వెడల్పాటి తోలు పట్టీ, దానికి ఒక సంచి ఉంటే మనిషి ఒక ఊరివాడిలా కనిపిస్తాడు. సంచి తప్పనిసరి, ఎందుకంటే ఫోన్, మందులు, ఇంటి తాళాలు కనపడకుండా దాచేది అందులోనే.

కళ్ళజోడు వాడేవారు దాన్ని మానుకోనక్కరలేదు, పోరాటంలోకి దిగే ఉద్దేశం ఉంటే మాత్రం పట్టీతో బిగించుకోండి.

నాలుగో మెట్టు: ఆయుధం

లార్ప్ కత్తిలో మధ్యన ఫైబర్‌గ్లాస్ కడ్డీ, దాని చుట్టూ నురగ, పైన రబ్బరు పాలపూత ఉంటాయి. దూరం నుంచి ఉక్కులా కనిపించినా, తగిలితే దిండు దెబ్బకు కాస్త ఎక్కువ. అయితే ఆ కడ్డీ కారణంగానే పొడవడం నిషిద్ధం: ముందుకు గుచ్చితే కడ్డీ మొన నురగను చీల్చుకుని బయటికి రావచ్చు. పొడవడానికి ప్రత్యేకంగా చేసిన, కడ్డీ లేని ఆయుధాలు వేరే ఉంటాయి. తల, మెడ, తొడల సందు, ఈ మూడు చోట్లా కొట్టకూడదు, ఏ కాన్‌కు వెళ్ళినా ఈ నియమం మారదు. చెయ్యి ఎత్తినంత వేగంగా దించకూడదు. తగిలే క్షణంలో మణికట్టు దగ్గర దెబ్బను ఆపాలి. కర్రసాములో జతగాడి మీద చెయ్యి ఎలా అదుపులో ఉంచుతారో చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు.

మొదటి కాన్‌కు కత్తి కొనకపోయినా ఫరవాలేదు. వర్తకుడికి, వైద్యుడికి అది అక్కరలేదు, అడిగితే అరువు ఇచ్చేవారుంటారు. కొంటే మూరన్నర పొడవుకు మించని పొట్టి కత్తి కొనండి. దాన్ని మొన మీద నిలబెట్టవద్దు, నేలకు ఆనించి దాని మీద వాలవద్దు, ఎండలో ఉన్న కారులో వదిలేయవద్దు. అప్పుడప్పుడు సిలికాన్ స్ప్రే చల్లి గుడ్డతో తుడిస్తే పూత జిగటపట్టదు, పగలదు. రైలులో తీసుకువెళ్ళేటప్పుడు సంచిలో కట్టి ఉంచండి. నురగ కత్తే అని మీకు తెలుసు, ఎదురు సీటులోని ముసలాయనకు తెలియదు. భోజనానికి పెట్టుకున్న నిజమైన చాకు సామాను అడుగున ఉండాలి.

మీ దెబ్బకు ఎవరి కళ్ళజోడో విరిగితే, ఎవరి డేరా తాడో తెగితే పనికివచ్చేది హాఫ్ట్‌ఫ్లిష్ట్ బీమా. విద్యార్థుల్లో కొందరికి ఇది ఉండనే ఉంటుంది. లేకపోతే బయలుదేరే లోపే తీసుకోవాలి.

ఐదో మెట్టు: పడక, తిండి, వెలుగు

జర్మనీ వేసవి పగలు ముప్పై డిగ్రీల ఎండ కాసినా, తెల్లవారుజామున అడవి పక్క పచ్చికలో పది డిగ్రీలకు దిగుతుంది. విజయవాడ ఎండలు భరించినవారికి కూడా ఆ చలి ముందు ధైర్యం పనిచేయదు. చలి పైనుంచి కన్నా కిందనుంచి ఎక్కువగా వస్తుంది కనుక, కప్పుకునేదాని కన్నా పరచుకునేదాని మీద శ్రద్ధ పెట్టాలి. మడత మంచమో, రెండు పొరల పరుపో, గొర్రె తోలో కింద ఉండాలి. ఆధునిక స్లీపింగ్ బ్యాగ్ మీద ఉన్ని దుప్పటి కప్పితే వేషానికి వేషం, వెచ్చదనానికి వెచ్చదనం.

డేరాల విషయంలో చాలా కాన్‌లు రెండు చోట్లు కేటాయిస్తాయి: ఆట జరిగే పాళెంలో నూలు గుడ్డ డేరాలకు మాత్రమే అనుమతి, రంగురంగుల నైలాన్ డేరాలకు విడిగా వేరే మైదానం. మొదటి ఏడు నైలాన్ డేరాతో ఆ మైదానంలో ఉండడమే తెలివైన పని, లేదా ఎవరి బృందంలోనైనా చేరి వారి పెద్ద డేరాలో చోటు అడగండి. డేరా లోపల గ్యాస్ పొయ్యి, బొగ్గుల కుంపటి, ఏదీ వెలిగించకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, నిద్రలోనే మనిషిని తీసుకుపోతుంది. మంట పెట్టేది నేల మీద కాదు, కాళ్ళున్న ఇనుప పళ్ళెంలో, పక్కన నీళ్ళ బకెట్ పెట్టుకుని.

భోజనానికి చెక్క గిన్నె, చెంచా, మట్టి లేదా కంచు లోటా తీసుకువెళ్ళండి. శాకాహారులు టికెట్ ఫారంలోనే ఆ సంగతి రాయాలి. రాస్తే ఇబ్బంది ఉండదు, అక్కడికి వెళ్ళి చెబితే రొట్టె, జున్నుతో సరిపెట్టుకోవాలి. ఇంటి నుంచి కందిపొడి, ఒక నిమ్మకాయ ఊరగాయ సీసా గుడ్డలో చుట్టి పట్టుకెళ్ళడం నా అలవాటు. దాన్ని 'మా దేశపు మందు' అని పరిచయం చేస్తే మంట చుట్టూ కూర్చున్నవారంతా వేలు ముంచి చూస్తారు. లోపల మిణుకుమనే ఎల్‌ఈడీ దీపం పెట్టిన లాంతరు ఒకటి, మరుగుదొడ్డికి దారి చూసుకోవడానికి జేబులో చిన్న టార్చి ఒకటి ఉండాలి.

గడ్డిలో తిరుగుతారు కనుక పురుగుల సంగతి కూడా చెప్పాలి. జర్మనీలో 'త్సెక్కె' అనే గోమారి జాతి పురుగు కరిస్తే లైమ్ వ్యాధి రావచ్చు. రాత్రి పడుకునేముందు మోకాళ్ళ వెనుక, చంకల్లో, నడుము పట్టీ కింద తడిమి చూసుకోవాలి. దొరికితే నలపకుండా సన్నటి పట్టకారుతో చర్మానికి ఆనుకుని పట్టి నిదానంగా లాగాలి. కరిచినచోట తరువాతి వారాల్లో ఎర్రటి వలయం పెరుగుతూ కనిపిస్తే వైద్యుడి దగ్గరికి వెళ్ళాలి.

ఆరో మెట్టు: చేరుకున్న సాయంత్రం

వెలుతురు ఉండగా చేరుకునేలా బయలుదేరాలి. చీకట్లో, వానలో, కొత్త డేరా కట్టడం ఎలా ఉంటుందో ఒకసారి అనుభవించాక ఎవరూ రెండోసారి ఆలస్యం చేయరు. బ్రోకెలోకు హానోవర్, బ్రేమెన్‌ల మధ్య ఉన్న నీన్‌బుర్క్ స్టేషన్ దగ్గర. అలాంటి పల్లెలకు స్టేషన్ నుంచి బస్సులు అరుదు, సామాను బరువు. అందుచేత కారులో చోటు ఇచ్చేవారిని ముందే వెతుక్కోవడం మంచిది.

నమోదు బల్ల దగ్గర టికెట్, గుర్తింపు కార్డు చూసి, బాధ్యతా పత్రం మీద సంతకం తీసుకుంటారు. ఆస్తమా, మూర్ఛ, ఒంటికి పడని మందులు వంటివి ఉంటే అక్కడే చెప్పాలి, మొహమాటపడవద్దు. తరువాత ఆయుధ పరీక్ష: ఒకాయన మీ కత్తిని వంచి, మొనను నొక్కి, అంచును తన చేతి మీదే కొట్టుకుని చూస్తాడు. పనికిరాదంటే వాదించకూడదు.

ఇక్కడ రెండు పొట్టి మాటలు చెవిన పడుతూ ఉంటాయి. ఐటీ అంటే ఇన్‌టైమ్, వేషంలో ఉన్న సమయం. ఓటీ అంటే ఔట్‌టైమ్, వేషం విప్పిన సమయం. "మీరు ఐటీలో ఉన్నారా?" అని ఎవరైనా అడిగితే మన అలవాటు కొద్దీ కంపెనీ పేరు చెప్పవద్దు. సాయంత్రం అందరినీ పోగుచేసి నియమాలు చదివి, 'టైమ్ ఇన్' అని ప్రకటించగానే అంతవరకు రైలు ఆలస్యం గురించి మాట్లాడుతున్న మనుషులు ఒక్కసారి వంగి నమస్కరించి, "ప్రయాణం సుఖంగా సాగిందా, పరదేశీ?" అంటారు. ఆ మొదటి పది నిమిషాలు సిగ్గుగా ఉంటుంది. అందరికీ ఉంటుంది. దాన్ని దాటడానికి దగ్గరి దారి, ఎవరినైనా మీ వేషానికి తగిన సాయం ఒకటి అడగడం.

ఏడో మెట్టు: ఆటలో

జర్మనీలో ఇప్పుడు ఎక్కువగా వినిపించే నియమం ఒక్క వాక్యం: నువ్వు చేసి చూపించగలిగిందే నువ్వు చేయగలవు. తాళం తీయగల దొంగ వేషం వేస్తే నిజంగా ఆ చిన్న తాళాన్ని తీయాలి, వైద్యుడు కట్టు కట్టాలి, మాంత్రికుడు మంత్రం చదివి, నమ్మించేలా నటించాలి. పాయింట్లు లెక్కపెట్టే పాత నియమావళులతో ఆడే కాన్‌లు కూడా ఉన్నాయి, కాకపోతే వాటిలో కూడా నటన ముందు, లెక్క తరువాత.

దీనికి జోడుగా 'బాధితుడి నియమం' ఉంది: దెబ్బ వేసేది మీరు, దాని ఫలితం నిర్ణయించేది తిన్నవారు. మీ కత్తి ఎదుటివాడి భుజానికి తగిలినా అతను కవచం ఆపిందని నిలబడితే, "నీకు తగిలింది, పడిపో" అని గద్దించకూడదు. అలాగే మీకు తగిలినప్పుడు ఉదారంగా ఉండండి. చెయ్యి పట్టుకుని మూలగండి, కత్తి జారవిడవండి, మోకాలి మీద కూలండి. ఓడిపోవడం తెలిసినవాడితో ఆడడానికే అందరూ ఇష్టపడతారు. మొదటి కాన్‌లో వేషం చచ్చిపోతుందేమో అన్న భయం అక్కరలేదు. సాధారణంగా పడిపోయినవాడిని కావాలని చంపితే తప్ప చావు రాదు, పడి ఉన్నవాడిని మోసుకుపోయి కట్లు కట్టడానికి పదిమంది వేషగాళ్ళు కాచుకుని ఉంటారు.

మూడు కేకలను మాత్రం నిద్రలో లేపి అడిగినా చెప్పేలా గుర్తుపెట్టుకోవాలి. 'ష్టాప్' అని వినపడితే నిజమైన ప్రమాదం, ఉన్నచోటే ఆగిపోవాలి. 'జానీ' అన్నారంటే నిజమైన గాయం, నిజమైన ప్రథమ చికిత్సకుడు కావాలి. 'హైలర్' అని అరిస్తే మాత్రం అది ఆటలోని వైద్యుడి కోసం, రక్తం కూడా రంగునీళ్ళే. ఈ రెండోదానికీ మూడోదానికీ తేడా తెలియక, నేల మీద పొర్లుతున్న నటుడి కోసం నిజమైన అంబులెన్స్‌కు ఫోన్ చేయబోయిన కొత్తవారున్నారు. వీటికి తోడు 'టైమ్ ఫ్రీజ్' అనేది ఒకటి ఉంది. అది వినగానే అందరూ కళ్ళు మూసుకుని, ఎక్కడివారక్కడ నిలబడి, చెవిన ఏమీ పడకుండా నోటితో హుమ్మని మూలుగుతారు. ఆ లోపల నిర్వాహకులు ఒక రాక్షసిని తెచ్చి నిలబెడతారు. రెండు వందల మంది యోధులు కళ్ళు మూసుకుని తేనెటీగల్లా ఝుమ్మంటుంటే మొదటిసారి నాకు నవ్వాగలేదు. కళ్ళు తెరిచేసరికి ఎదురుగా ఎనిమిది అడుగుల కొమ్ముల మనిషి నిలబడి ఉన్నాడు, నవ్వు దానంతటదే ఆగింది.

మరికొన్ని మర్యాదలు ఉన్నాయి. తల మీద చేతులు అడ్డంగా పెట్టుకునో, కాన్‌లో చెప్పిన మరో గుర్తుతోనో నడుస్తున్నవారు ఆటలో లేరని అర్థం, వారిని చూడనట్టే ఉండాలి. ఒకరి ఒంటి మీద చెయ్యి వేసేముందు, కట్టేసే నటన చేసేముందు మెల్లగా అడగాలి. ఒద్దన్నవారిని కారణం అడగకూడదు, మీకు ఒద్దనిపిస్తే మీరూ కారణం చెప్పనక్కరలేదు. ఫోటో తీయాలంటే అనుమతి కావాలి, ఆట మధ్యలో ఫోన్ బయటికి తీయడమే తప్పు. తాగేవారు మితంగా తాగాలి, తాగి కత్తి పట్టకూడదు. నీళ్ళు మాత్రం దాహం వేయకపోయినా తాగుతూ ఉండాలి, ఉన్ని బట్టల కింద చెమట ఎంత పోతోందో తెలియదు.

ఏదో ఒక సమయంలో, సాధారణంగా శనివారం మధ్యాహ్నం, అలసట వచ్చి "ఇక్కడ నాకేం పని?" అనిపిస్తుంది. అప్పుడు డేరాలోకి వెళ్ళి, బూట్లు విప్పి, మేజోళ్ళు మార్చుకుని, ఏదైనా తిని ఒక గంట పడుకోండి. కథంతా మీరు లేకుండా అయిపోతుందన్న కంగారు వద్దు. వేలమంది ఉన్నచోట కథ ఎవరికీ పూర్తిగా కనపడదు, మీ మూటలోని మిరియాల చుట్టూ జరిగినంతే మీ కథ.

చివరి మెట్టు: వేషం విప్పాక

ఆదివారం 'టైమ్ ఔట్' ప్రకటించాక కనీసం ఒక గంట శుభ్రం చేయడానికి ఉండండి. నిన్న మీ మెడ మీద కత్తి పెట్టినవాడి అసలు పేరేమిటో, ఏ ఊరో తెలిసేది చెత్త సంచులు మోసే ఈ గంటలోనే. తరువాతి కాన్‌కు కారులో చోటు దొరికేది కూడా ఇక్కడే. మిమ్మల్ని బాగా ఆడించినవారి దగ్గరికి వెళ్ళి ఆ మాట చెప్పండి. రాత్రంతా శవంలా నేల మీద పడుకున్న ఎన్‌ఎస్‌సీకి దక్కే కూలి అదొక్కటే.

రాత్రి డ్రైవింగ్ చేయవలసి ఉంటే నిద్ర చాలిందో లేదో నిజాయితీగా చూసుకోండి, చాలకపోతే పక్కవారికి తాళాలు ఇవ్వండి. ఇంటికి చేరగానే స్నానం చేసి పడుకోవాలనిపిస్తుంది గానీ, ముందు డేరా సంచి విప్పాలి. తడిసిన నూలు డేరాకు రెండు మూడు రోజుల్లోనే నల్లటి బూజు మచ్చలు పడతాయి, అవి ఇక పోవు. బాల్కనీ లేని విద్యార్థి గదిలోనైతే రెండు తలుపుల మధ్య తాడు కట్టి, కింద పాత తువ్వాళ్ళు పరిచి, మధ్యమధ్యలో తిప్పుతూ ఆరబెట్టాలి. కలిసి ఉండేవారికి ముందే చెప్పి, ఆ వారం వంట వంతు మీరు తీసుకుంటే ఎవరూ ఏమీ అనరు. బూట్లలో వార్తాపత్రికలు కుక్కి నీడన పెట్టండి, హీటర్ దగ్గర పెడితే తోలు పగులుతుంది. కత్తిని తడిగుడ్డతో తుడిచి, ఆరాక సిలికాన్ పూసి, అడ్డంగా పడుకోబెట్టండి. ఇవన్నీ అయ్యాక తోలు సంచి విదిలించి చూడండి, అడుగున రెండు మూడు రాగి నాణేలు మిగిలే ఉంటాయి.